మైలుకు పన్నెండు పెన్నీలు

హెబియస్ కార్పస్ అంటే నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని ఇచ్చే రిట్, అంటే కోర్టు ఆజ్ఞ. 1679లో ఇంగ్లండ్ పార్లమెంటు చేసిన హెబియస్ కార్పస్ చట్టంలో స్వేచ్ఛ గురించి గంభీరమైన మాటలు వెతికితే దొరకవు. బండి కిరాయి దొరుకుతుంది. ఖైదీని జైలు నుంచి జడ్జి ముందుకు తీసుకురావడానికి మైలుకు పన్నెండు పెన్నీలకు మించి వసూలు చేయకూడదట. జైలు ఇరవై మైళ్ల లోపుంటే మూడు రోజుల్లో, వంద మైళ్ల లోపయితే పది రోజుల్లో, ఇంకా దూరమైతే ఇరవై రోజుల్లో మనిషిని హాజరుపరచాలి. వారంటు నకలు అడిగిన ఆరు గంటల్లో ఇవ్వాలి. ఇవ్వని జైలర్‌కు మొదటిసారి వంద పౌండ్ల జరిమానా, రెండోసారి రెండొందలు, దానితోపాటు ఉద్యోగం కూడా పోతుంది. కోర్టు సెలవుల్లో రిట్ ఇవ్వనన్న జడ్జి ఐదొందల పౌండ్లు కట్టుకోవాలి. ఈ డబ్బు వెళ్లేది ఖైదీ చేతికి.

నేను హైకోర్టులో డిటెన్షన్ కేసులు వాదిస్తాను. కాబట్టి ఈ చట్టాన్ని చదివినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది: దీన్ని రాసినవాళ్లకు జైలు ఎలా నడుస్తుందో లోపలి నుంచి తెలుసు. ప్రతి క్లాజు వెనక ఎవరో ఒక అధికారి ఆడిన నాటకం ఉంది. ఖర్చు కట్టలేదని మనిషిని కదపకపోవడం, రిట్ తెచ్చేలోపు ఇంకో జైలుకు మార్చేయడం, కోర్టుకు సెలవులని చేతులెత్తేయడం, ఇంగ్లండ్ కోర్టుల ఆజ్ఞ చెల్లని జెర్సీ దీవికో టాంజియర్‌కో ఓడెక్కించడం. ఆ దారుల్ని ఒక్కొక్కటిగా మూసుకుంటూ వెళ్లారు. మన పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) కేసుల్లో ఉత్తర్వు కాగితాలు ఐదు రోజుల్లో ఇచ్చారా, డిటెన్యూకు తెలిసిన భాషలో ఇచ్చారా అని మేం వాదించేది కూడా ఈ కోవలోని వాదనే. కొడుకుని ఎందుకు పట్టుకెళ్లారో తెలియక ఆఫీసు మెట్ల మీద కూర్చున్న తల్లికి రాజ్యాంగ పీఠిక చదివి వినిపిస్తే లాభం లేదు. ఎన్ని రోజుల్లో, ఏ కాగితం, ఎవరి సంతకం అన్నదే ఆమెకు కావాలి.

ఈ చట్టాన్ని లార్డ్స్ సభలో గట్టెక్కించినవాడు ఆంథొనీ యాష్లీ కూపర్, షాఫ్ట్స్‌బరీ మొదటి ఎర్ల్. చాలాకాలం దీన్ని షాఫ్ట్స్‌బరీ చట్టమనే పిలిచారు. డోర్సెట్ భూస్వామి. పలువురు పాలకుల కింద పనిచేసి, వాళ్లను ఏదో ఒక దశలో ఎదిరించినవాడు. ఆయన మీద నాకు చాలా గౌరవం ఉంది. కొన్ని విషయాల్లో ఆయన్ని క్షమించలేను కూడా. ఇక్కడ రెండూ రాస్తాను.

కూపర్ 1621 జులై 22న వింబోర్న్ సెంట్ జైల్స్‌లో తల్లి వైపు తాత ఇంట్లో పుట్టాడు. ఏడేళ్లప్పుడు తల్లి పోయింది, పదేళ్లు నిండకుండానే తండ్రి పోయాడు. తండ్రి మిగిల్చింది చాలా భూమి, దాని మీద చాలా అప్పు. ఇక్కడ కోర్ట్ ఆఫ్ వార్డ్స్ వచ్చింది. ఈ పేరు మన పాత జమీందారీ కాగితాలు చూసినవాళ్లకు తెలిసినదే. మద్రాసు ప్రెసిడెన్సీలో జమీందారు మైనరైతే ఎస్టేటు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చేతికి పోయేది. ఆ పేరు ఇంగ్లండ్ నుంచే వచ్చింది. అయితే అసలు ఇంగ్లిష్ కోర్ట్ ఆఫ్ వార్డ్స్ దీనికంటే చాలా మోటు వ్యవహారం. సైనిక సేవ షరతు మీద భూమి ఉన్నవాడు మైనరు వారసుణ్ణి వదిలి చనిపోతే, ఆ పిల్లవాడి సంరక్షణ హక్కు రాజుది. రాజు దాన్ని అమ్ముకునేవాడు. పిల్లవాడి పెళ్లి మీద హక్కు కూడా అందులో భాగమే.

తండ్రి అప్పులు తీర్చే పేరుతో కూపర్ భూముల్లో కొన్నిటిని తక్కువ ధరకు దక్కించుకున్నవాళ్లలో సొంత బంధువు సర్ ఫ్రాన్సిస్ యాష్లీ ఉన్నాడు. ఆయన రాజుగారి తరఫు పెద్ద లాయరు. మిగతా భూములకూ ఎసరు పెట్టాడు. అప్పుడు పన్నెండు పదమూడేళ్ల కుర్రాడు ఒంటరిగా అటార్నీ జనరల్ విలియమ్ నోయ్ దగ్గరికి వెళ్లాడు. ఎస్టేటును కాపాడే దస్తావేజు రాసింది నోయ్ కలమే. మీరు రాసిన దస్తావేజును మీరే నిలబెట్టాలని, అంత పెద్దవాడి మీద ఇంకెవరూ నిలబడరని కుర్రాడు ముఖం మీదే చెప్పాడు. పదవి పోయినా సరే నీ కేసు చూస్తానన్నాడు నోయ్. ఈ సంగతి కూపర్ తన ఆత్మకథ ముక్కలో పెద్దయ్యాక రాసుకున్నాడు. ఏదైనా కేసులో మైనరు పిల్లల కాగితాలు ముందుకొచ్చినప్పుడు నాకు ఈ కుర్రాడే గుర్తొస్తాడు. ఒక మనిషి బతుకంతా కోర్టు కాగితం మీద వేలాడుతుందని అతనికి ఆ వయసులోనే తెలిసిపోయింది. 1660లో ఆ కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌ను ఎత్తేసిన పార్లమెంటులో అతను విల్ట్‌షైర్ సభ్యుడు.

1637లో ఆక్స్‌ఫర్డ్‌లోని ఎక్సెటర్ కాలేజీలో చేరాడు. అక్కడ కొత్త విద్యార్థులకు ఒక ర్యాగింగ్ ఉండేది. పెద్ద విద్యార్థి బొటనవేలి గోరు పెంచుకుని, కొత్తవాడి గడ్డం మీద చర్మం లేచేలా గీరేవాడు. తర్వాత బీరు గ్లాసు నిండా ఉప్పునీళ్లు తాగించేవాడు. తన వంతు వచ్చినప్పుడు కూపర్ మిగతా కొత్తవాళ్లను కూడగట్టి తిరగబడ్డాడు. కాలేజీ పెద్దలు బీరు పలచన చేయబోతే ఇంకో ఎత్తు వేశాడు. చదువు మానేసినా ఇంటి దగ్గర ఆస్తి ఉండి ఇబ్బంది పడనివాళ్లే ముందుకొచ్చి కాలేజీ వంటశాల పద్దులో పేర్లు కొట్టేయించుకోవాలని, పేద విద్యార్థులు వెనక ఉండాలని చెప్పాడు. పెద్దలు వెనక్కి తగ్గారు. ఎవరిని ముందు నిలబెట్టాలో, ఎవరికి దెబ్బ తగలకుండా చూడాలో పదహారేళ్లకే లెక్కవేసినవాడు యాభై ఏళ్ల వయసులో ప్రతిపక్షాన్ని నడిపాడంటే ఆశ్చర్యం లేదు.

రాజుకూ పార్లమెంటుకూ మధ్య అంతర్యుద్ధం వచ్చినప్పుడు ముందు రాజు పక్షాన సైన్యం నడిపి, 1644లో పార్లమెంటు వైపు వచ్చేశాడు. రాజు పోయాక దేశాన్ని ఏలిన సేనాని క్రామ్‌వెల్ కౌన్సిల్‌లో కూర్చుని, తర్వాత ఆయనతోనూ తెగతెంపులు చేసుకున్నాడు. దీన్ని పట్టుకునే శత్రువులు జీవితమంతా ఊసరవెల్లి అన్నారు. నేననను. పార్లమెంటు లేకుండా ఒక్కడే ఏలాలని చూసిన ప్రతిసారీ ఆయన అటునుంచి ఇటు జరిగాడు. ఆ ఒక్కడు స్టూవర్ట్ రాజైనా క్రామ్‌వెల్ అయినా సరే.

ఈ సంవత్సరాల్లోనే, ఆయన పదిహేడేళ్లకు పెళ్లాడిన మార్గరెట్ 1649లో హఠాత్తుగా చనిపోయింది. ముక్తసరిగా, తేదీలూ ఊళ్లూ మాత్రమే ఉండే ఆయన డైరీ ఆ ఒక్కచోట ఆగిపోయి, ఆమె తెలివి గురించి, ఇల్లు నడిపిన తీరు గురించి, తన మీద చూపిన ప్రేమ గురించి నిండుగా మాట్లాడుతుంది. తర్వాత రెండుసార్లు పెళ్లి చేసుకున్నాడు గానీ, ఆ డైరీలో అలాంటి చోటు మళ్లీ లేదు.

భూస్వామిగా ఆయన ఎలాంటివాడో తెలియాలంటే ఆయన పక్క ఎస్టేటు ముసలాయన గురించి రాసిన రెండు మూడు పేజీలు చదవాలి. పేరు హెన్రీ హేస్టింగ్స్, వుడ్‌లాండ్స్ అనే చోట ఉండేవాడు. హంటింగ్డన్ ఎర్ల్ కొడుకు, వందేళ్ల దాకా బతికి 1650లో పోయాడు. ఎప్పుడూ ఆకుపచ్చ బట్టలే, కొత్తవిగా ఉన్నప్పుడు కూడా ఐదు పౌండ్లు చేయనివి. పెద్ద హాలు నేలంతా మూలుగు ఎముకలు, వేటకుక్కలు, డేగలు కూర్చునే కమ్మీలు. గోడలకు ఆ ఏడాదీ నిరుటిదీ నక్క తోళ్లు. రెండు పెద్ద కుర్చీల్లో పిల్లి కూనలు పడుకుని ఉంటే వాటిని లేపకూడదు. భోజనం దగ్గర మూడు నాలుగు పిల్లులు కాచుకుని ఉండేవి, తన వాటా మాంసం కాపాడుకోవడానికి పళ్లెం పక్కన పద్నాలుగు అంగుళాల తెల్లకర్ర పెట్టుకునేవాడు. పూల్ రేవు నుంచి వచ్చే ఆల్చిప్పలు రోజుకు రెండు పూటలా తినేవాడు. పాత పచ్చ టోపీల నెత్తి లోపలికి నొక్కి వాటిలో నెమలికోళ్ల గుడ్లు దాచేవాడు. ఇంట్లోని ప్రార్థనా మందిరం ఎప్పుడో మూతపడింది. అందులో పాదిరి నిలబడాల్సిన పీఠం మీద చల్లారిన గొడ్డుమాంసం, జింకమాంసం పై, మందపు పొరతో ఆపిల్ పై భద్రంగా ఉండేవి. ఎనభై దాటాక కూడా ఎవరి సాయం లేకుండా గుర్రమెక్కేవాడు, కళ్లజోడు ఎరగడు.

ఎంత ప్రేమగా రాశాడో! ఆ ఇంట్లో చాలాసార్లు కూర్చుని, ఆ కుక్కల మధ్య కాలు పెట్టడానికి చోటు వెతుక్కుని ఉంటే తప్ప అలా రాయలేరు. కానీ తను అలా బతకలేదు. 1650ల మొదట్లో సెంట్ జైల్స్‌లో కొత్త ఇల్లు కట్టించాడు, పళ్లతోటలు వేయించాడు, కొత్త రకాల మొక్కల కోసం ఉత్తరాలు రాశాడు. ఫ్రాన్స్ వెళ్లిన తత్వవేత్త జాన్ లాక్ చేత ద్రాక్ష, ఆలివ్ సాగు మీద, పట్టుపురుగుల పెంపకం మీద ఒక నివేదిక రాయించుకున్నాడు. పాతకాలపు పల్లె పెద్దను ప్రేమిస్తూనే, భూమిని లెక్కాపత్రంతో నడపాలనుకున్న కొత్తతరం మనిషి.

లాక్ ఆయన జీవితంలోకి వచ్చింది ఒక గాయం వల్ల. 1660లో రెండో చార్లెస్‌ను రాజ్యానికి ఆహ్వానించడానికి కామన్స్ సభ హాలండ్ పంపిన పన్నెండు మందిలో కూపర్ ఒకడు. దారిలో బండి బోల్తాపడి లోపల దెబ్బ తగిలింది. కాలేయం దగ్గర వాపు, నొప్పి అప్పటి నుంచి వదల్లేదు. కొత్త రాజు ఆయన్ని యాష్లీ ప్రభువును చేసి ఖజానా చూసే ఎక్స్‌చెకర్ ఛాన్సలర్ పదవి ఇచ్చాడు. 1666లో మందునీళ్ల కోసం ఆక్స్‌ఫర్డ్ వచ్చినప్పుడు వాటిని తెప్పించే పని మీద వైద్యం చదువుతున్న లాక్ పరిచయమయ్యాడు. మరుసటి ఏడు లండన్‌లో ఆయన ఉండే ఎక్సెటర్ హౌస్‌కు మకాం మార్చాడు.

1668లో ఆ వాపు బాగా పెరిగి ప్రాణం మీదికొచ్చింది. లాక్ పలువురు వైద్యులను సంప్రదించి ఆపరేషన్ చేయించాడు. మత్తుమందు లేని కాలం, సూక్ష్మక్రిముల సంగతి ఎవరికీ తెలియని కాలం. కడుపు మీద కాల్చి రంధ్రం చేస్తే చీము, తిత్తుల్లాంటి పొరలు బోలెడు బయటికొచ్చాయి. ఆ వివరాలు లాక్ రోజువారీగా రాసిపెట్టుకున్నాడు. ఇప్పటి వైద్యులు దాన్ని కుక్కల నుంచి సోకే హైడాటిడ్ తిత్తి అంటున్నారు. మిగిలిన చీము కారిపోవడానికి ఒక వెండి గొట్టం అమర్చారు. ఆ గొట్టంతోనే ఆయన ఇంకా పద్నాలుగేళ్లు బతికాడు, రాజుతో తలపడ్డాడు, జైలుకెళ్లాడు. రాజు పక్షం కవులు ఆ గొట్టాన్ని పీపాకు బిగించిన కుళాయితో పోల్చి పేర్లు పెట్టి ఎగతాళి చేశారు. రోగాన్ని రాజకీయంలోకి లాగే ఈ నీచం చదివినప్పుడు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ ఇంట్లో ఉన్నప్పుడే లాక్ చేయి పడిన ఇంకో కాగితం ఉంది, కరొలైనా రాజ్యాంగం, 1669. అమెరికాలోని కరొలైనాను రాజు ఎనిమిది మంది ప్రభువులకు ఇచ్చాడు, అందులో యాష్లీ అందరికంటే చురుకైనవాడు. చార్ల్స్‌టన్ దగ్గర కలిసే రెండు నదులకు ఈనాటికీ యాష్లీ, కూపర్ అనే పేర్లు. ఆ రాజ్యాంగంలో ఏడుగురు కలిస్తే తమకు నచ్చిన మతసంఘం పెట్టుకోవచ్చని ఉంది. ఆ కాలానికి ఎంత విశాలమైన మాట! అదే కాగితంలో, కరొలైనాలోని ప్రతి స్వతంత్రుడికీ తన నీగ్రో బానిసల మీద సంపూర్ణ అధికారం ఉంటుందని కూడా ఉంది. ఇది పొరపాటున దొర్లిన వాక్యం కాదు. అంతకుముందే, 1646 నుంచి 1655 దాకా, బార్బడోస్‌లో 205 ఎకరాల తోటలో ఆయనకు వాటా ఉంది. అక్కడ బానిసలు పనిచేశారు. తర్వాత బానిసల వ్యాపారం చేసే రాయల్ ఆఫ్రికన్ కంపెనీలోనూ వాటాదారు. ఆఫ్రికాలో ఓడెక్కించిన మనిషి కోసం రిట్ పట్టుకుని ఏ జడ్జి దగ్గరికి వెళ్లాలి? విదేశాలకు ఖైదీలను తరలించకూడదని 1679లో పట్టుబట్టిన చేయి, పదేళ్ల ముందు ఆ వాక్యానికి ఆమోదం తెలిపింది. దీనికి కాలం అలాంటిది అని సర్దిచెప్పడం నాకు చేతకాదు.

1672లో షాఫ్ట్స్‌బరీ ఎర్ల్ అయ్యాడు, అదే ఏడాది నవంబర్‌లో న్యాయవ్యవస్థకు పెద్ద అయిన లార్డ్ ఛాన్సలర్ అయ్యాడు. వృత్తి లాయరు కాకపోయినా న్యాయపీఠం మీద చేయి చాచని మనిషన్న పేరు తెచ్చుకున్నాడు, పద్యంలో ఆయన్ని చీల్చి చెండాడిన ఆస్థాన కవి కూడా ఆ ఒక్క మాట ఒప్పుకున్నాడు. ఏడాది తిరగకముందే రాజు తీసేశాడు. రాజు తమ్ముడు, ప్రొటెస్టెంట్ దేశపు సింహాసనానికి వారసుడు జేమ్స్ క్యాథలిక్ అని తేలిపోయింది. అక్కడి నుంచి షాఫ్ట్స్‌బరీ ప్రతిపక్షం.

1676 వేసవిలో లండన్ బట్టల వ్యాపారి ఫ్రాన్సిస్ జెంక్స్ గిల్డ్‌హాల్‌లో లేచి, కొత్త పార్లమెంటు పిలవమని రాజును అడగాలన్నాడు. అంతే, జైల్లో వేశారు. హెబియస్ కార్పస్ అడిగితే సెలవులు, ఇవ్వం అన్నారు. ఇంకో జడ్జి దగ్గరికి, ఇంకో కోర్టుకు తిరిగి తిరిగి నెలల తరబడి లోపలే ఉన్నాడు. చట్టంలో సెలవుల గురించిన క్లాజు, ఐదొందల పౌండ్ల జరిమానా చదివితే జెంక్స్ ముఖం కనిపిస్తుంది.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో షాఫ్ట్స్‌బరీ వంతు వచ్చింది. పదిహేను నెలలు వాయిదా వేసిన పార్లమెంటు చట్టప్రకారం రద్దయినట్టేనని వాదించినందుకు లార్డ్స్ సభ ఆయన్నీ ఇంకో ముగ్గురు ప్రభువుల్నీ లండన్ టవర్‌కు పంపింది. వెళ్తూ తన వంటవాణ్ణి వెంట ఉంచమని అడిగాడు. విషం పెడతానని అనుమానమా అని రాజుకు కోపమొచ్చింది. జూన్‌లో హెబియస్ కార్పస్ మీద కింగ్స్ బెంచ్ కోర్టు ముందుకు వచ్చి తన కేసు తనే వాదించాడు. పార్లమెంటు సభ వేసిన శిక్షలో మేం వేలు పెట్టం అని జడ్జీలు తిప్పి పంపేశారు. ముగ్గురు ప్రభువులు అప్పటికే క్షమాపణ చెప్పి బయటపడే దారిలో ఉన్నారు. ఈయన ఏడాది ఉన్నాడు. 1678 ఫిబ్రవరిలో విడుదల కావడానికి సభ ముందు మోకరిల్లాల్సి వచ్చింది. క్షమాపణ చెప్పాల్సిన నేరాల జాబితాలో కోర్టుకెళ్లి హెబియస్ కార్పస్ అడగడం కూడా చేర్చారు. రిట్ అడగడమే నేరం! నేను ఈ వృత్తిలో ఉన్నందుకేమో, ఆయన జీవితంలో నన్ను అన్నిటికంటే కుదిపే ఘట్టం ఇదే. చట్టంలో సందులు ఎక్కడున్నాయో చేతితో తడిమి చూసినవాడు బయటికొచ్చాడు. ఏడాదిన్నర లోపు చట్టం వచ్చింది.

అది కూడా అంత తేలిగ్గా రాలేదు. 1668 నుంచీ ఇలాంటి బిల్లులు కామన్స్‌లో వస్తూ, ఎక్కడో ఒకచోట ఆగిపోతూనే ఉన్నాయి. 1679లో షాఫ్ట్స్‌బరీని రాజు బుజ్జగించడానికి తన సలహా మండలి అయిన ప్రీవీ కౌన్సిల్‌కు అధ్యక్షుణ్ణి చేశాడు. ఆ కుర్చీలో కూర్చునే ఈ బిల్లును నడిపాడు. మే 27న లార్డ్స్‌లో ఆఖరి మెట్టు. ఓట్ల లెక్కింపు గురించి బిషప్ బర్నెట్ ఒక కథ చెప్పాడు: రెండు పక్షాల తరఫున లెక్కించేవాళ్లలో ఒకాయన పరధ్యానంలో ఉంటే, రెండో ఆయన లార్డ్ గ్రే, బాగా లావుపాటి ప్రభువు లోపలికొచ్చినప్పుడు సరదాకు పదిమందిగా లెక్కేశాడట, అవతలివాడు పట్టించుకోకపోవడంతో అదే లెక్క ఖాయమైందట. కథ నిజమో కాదో గానీ సభ రికార్డులో బిల్లుకు అనుకూలంగా 57, వ్యతిరేకంగా 55 అని ఉంది. మొత్తం 112. ఆరోజు హాజరైన సభ్యులు 107 మందేనని ఆ రికార్డే చెబుతోంది. అదేరోజు రాజు ఆమోదం తెలిపి, పార్లమెంటును వాయిదా వేసి పంపేశాడు.

ఇక్కడ ఆపేస్తే బాగుండేది, కానీ అది న్యాయం కాదు. అదే సమయంలో ఇంగ్లండ్ అంతా టైటస్ ఓట్స్ అనే అబద్ధాలకోరు చెప్పిన క్యాథలిక్ కుట్ర కథతో ఊగిపోతోంది. రాజును చంపడానికి క్యాథలిక్కులు పన్నాగం పన్నారని 1678లో మొదలుపెట్టాడు. షాఫ్ట్స్‌బరీ ఆ కథను పుట్టించలేదు. పుట్టినదాన్ని చేజిక్కించుకుని నడిపాడు. జేమ్స్‌ను వారసత్వం నుంచి తప్పించే బిల్లుకు అది ఆయుధం. సాక్షుల్ని పోగుచేశారు, విచారణలు నడిపించారు, నిర్దోషులు ఉరికంబం ఎక్కారు. ముసలి స్టాఫర్డ్ ప్రభువును లార్డ్స్ సభ 55 ఓట్లకు 31తో దోషి అని తేల్చి 1680 డిసెంబర్ 29న తల నరికించింది. ఐర్లండ్ ఆర్చ్‌బిషప్ ఆలివర్ ప్లంకెట్‌ను 1681 జులై 1న టైబర్న్‌లో ఉరితీశారు. ఐర్లండ్‌లో కుట్ర ఉందని నిరూపించడానికి సాక్షుల్ని లండన్ రప్పించిన పనిలో షాఫ్ట్స్‌బరీ చేయి ఉంది. తప్పుడు సాక్ష్యం ఒక మనిషిని ఏం చేస్తుందో తెలిసిన ఎవరికైనా ఇది క్షమించరాని పని. తన పక్షం మనిషికి ఆరు గంటల్లో వారంటు నకలు కావాలన్నవాడు, ప్లంకెట్‌కు తన దేశం నుంచి సాక్షుల్ని తెచ్చుకునే వ్యవధి ఇవ్వనప్పుడు నోరు మెదపలేదు.

ప్లంకెట్‌ను ఉరితీసిన మర్నాడు, జులై 2న, షాఫ్ట్స్‌బరీని రాజద్రోహం కింద అరెస్టు చేశారు. ఆయన మీద సాక్ష్యం చెప్పడానికి వచ్చినవాళ్లలో ఆ ఐరిష్ సాక్షులే ఉన్నారు. అక్కడ ఎవరు డబ్బిస్తే వాళ్లకు చెప్పారు, ఇక్కడా అంతే.

రెండోసారి టవర్. ఈసారి తన చట్టమే చేతిలో ఉంది. లండన్‌లోని ఓల్డ్ బెయిలీ క్రిమినల్ కోర్టుకు దరఖాస్తు పెట్టాడు. టవర్ మా పరిధిలోకి రాదన్నారు జడ్జీలు. ఎంత బిగించి రాసినా సందు దొరికించుకునే బుర్ర జడ్జికి ఎప్పుడూ ఉంటుంది, మా వృత్తిలో ఎవరూ దీనికి కొత్త కాదు. వదిలేస్తే కరొలైనా వెళ్లిపోతానని రాజుకు రాసి పంపాడు, రాజు ఒప్పుకోలేదు. ఆయన్ని కాపాడింది చివరికి, కేసు విచారణకు పంపాలా వద్దా అని తేల్చే లండన్ గ్రాండ్ జ్యూరీ. ఆ జ్యూరీని ఎంపిక చేసే షెరీఫులు విగ్ పక్షంవాళ్లు, అంటే షాఫ్ట్స్‌బరీ పక్షంవాళ్లే. నవంబర్ 24న కేసు కాగితం మీద సాక్ష్యం చాలదని రాసి కొట్టేశారు. లండన్ వీధుల్లో భోగి మంటలు వేశారు, గంటలు మోగించారు, ఆయన బొమ్మతో పతకం పోతపోయించారు. 28న బెయిలు మీద బయటికొచ్చాడు.

ఆ గెలుపు ఒక్క ఏడాదే నిలిచింది. 1682లో లండన్ షెరీఫు పదవులు రాజు మనుషుల చేతికి వెళ్లాయి. ఇక తన కోసం ఎలాంటి జ్యూరీ కూర్చుంటుందో షాఫ్ట్స్‌బరీకి బాగా తెలుసు. తిరుగుబాటు మాటలు నడిచాయి, తోటివాళ్లు తేల్చుకోలేకపోయారు. కొన్ని వారాలు దాక్కుని, నవంబర్‌లో వేషం మార్చుకుని హాలండ్ చేరాడు. ఛాన్సలర్‌గా ఉన్నప్పుడు పార్లమెంటులో నిలబడి, రోమ్‌కు కార్తేజ్ ఎలాగో ఇంగ్లండ్‌కు హాలండ్ అలాగ, దాన్ని నాశనం చేయాల్సిందేనని గర్జించినవాడు ఈయనే. ఆ దేశమే ఆశ్రయమిచ్చింది. 1683 జనవరి 21న ఆమ్‌స్టర్‌డామ్‌లో చనిపోయాడు. శవాన్ని ఓడలో పూల్ రేవుకు తెచ్చి సెంట్ జైల్స్‌లో పూడ్చారు. అదే ఏడాది లాక్ కూడా ప్రాణభయంతో హాలండ్ పారిపోయాడు.

1685లో జేమ్స్ రాజయ్యాడు. తన ప్రధాన శత్రువు చేయించిన ఈ చట్టాన్ని ఎత్తేయించాలని చూశాడు, సొంత పక్షం పార్లమెంటు కూడా అందుకు ఒప్పుకోలేదు. దాన్ని తెచ్చిన పక్షం ఓడిపోయి, నాయకుడు మట్టిలో కలిశాక కూడా ఆ కాగితం నిలబడింది. షాఫ్ట్స్‌బరీ తన పక్షం మనుషుల కోసమే రాసుకున్నాడేమో. కానీ చట్టంలో విగ్ అని రాయలేదు, ప్రొటెస్టెంట్ అని రాయలేదు, ఎవరైనా వ్యక్తి అని రాశారు. ఆయన ఉరికంబానికి తోసిన క్యాథలిక్కు కూడా ఆ మాటలోకి వస్తాడు. బానిస కూడా వస్తాడని లండన్‌లో కోర్టు చేత అనిపించడానికి 1772 దాకా, జేమ్స్ సోమర్సెట్ అనే నల్లజాతి మనిషిని ఓడలో కట్టేసి జమైకా పంపబోతే అతని కోసం హెబియస్ కార్పస్ వేసేదాకా పట్టింది.

సోమర్సెట్ కేసు గురించి విడిగా రాయాలి. దానికంటే ముందు జెంక్స్ సంగతి పూర్తిగా రాస్తాను. అతను ఏ తలుపు తట్టాడో, ఎవరు ఏం చెప్పి పంపారో, ఆ వరస మా జూనియర్లకు చాలా పనికొస్తుంది.